నీళ్ల నడుమ కరువు

కరువంటే ఏమిటో కళ్యాణదుర్గం వాళ్లకు ఎవరూ వచ్చి చెప్పనక్కరలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే జిల్లా మనది. గొర్రు సిద్ధం చేసుకుని పదును వాన కోసం ఆకాశం వైపు చూడడం మనకు తాతల నాటి అలవాటు. అయితే సముద్రంలో కూడా కరువు వస్తుందని ఈ మధ్య ఆరాధన ముగిశాక మేము మాటల్లో అంటే, మా సంఘంలోని ఒక అవ్వ నవ్వింది. "అన్ని నీళ్లుండగా కరువేంది నాయనా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సముద్రపు గడ్డి

గలిలయ జాలరుల సంగతులు చదివే మనకు చేప తెలుసు, వల తెలుసు. ఆ చేపకు మేత ఏమిటో మాత్రం అంతగా ఆలోచించం. మేకలకు గడ్డి ఎలాగో సముద్రంలోని జీవులకు వృక్ష ప్లవకాలు అలాగ. ఇవి కంటికి ఆనని సూక్ష్మమైన మొక్కల వంటివి. వీటిని జంతు ప్లవకాలు తింటాయి, వాటిని చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు తింటాయి. భూమి మీద ఎండను ఆహారంగా మార్చే పనిలో దాదాపు సగం ఈ ప్లవకాలే చేస్తున్నాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకోవడంలోనూ వీటి పాత్ర పెద్దది.

మన పైరుకు వలెనే వీటికీ ఎండ, ఎరువు రెండూ కావాలి. ఎండ పైన ఉంది. నైట్రేటు, ఫాస్ఫేటు వంటి ఎరువు ఎక్కువగా లోతుల్లో ఉంది. నైరుతి ఋతుపవనాల గాలులు సోమాలియా, ఒమన్ తీరాల వద్ద సముద్రాన్ని కదిలించి అడుగు నీటిని పైకి తెస్తాయి. అప్పుడే అక్కడ ప్లవకాలు విరివిగా పెరుగుతాయి. కాని సముద్రం వేడెక్కిన కొద్దీ పై నీరు తేలికై, బరువైన చల్లని నీటి మీద మూతలా నిలిచిపోతుంది. గాలి ఎంత వీచినా అడుగుది పైకి రావడం కష్టమవుతుంది. మన బంగాళాఖాతంలోనైతే గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి వంటి నదులు తెచ్చే మంచినీరు ఉప్పునీటి మీద పరుచుకుని మూతను మరింత బిగిస్తుంది.

అవ్వ ప్రశ్నకు ఇదే జవాబు. మన చేలో మట్టి ఉంది, నీళ్లు లేవు. అక్కడ నీళ్లున్నాయి, ఎండ ఉంది, ఎరువు అందదు.

లెక్క ఎలా వేస్తారు?

రాబోయే యాభై, వంద ఏండ్లలో ఈ గడ్డి ఏమవుతుందో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు గణిత నమూనాలు కడతారు. కంప్యూటర్లు ఇంకా అందుబాటులోకి రాని 1946లోనే గోర్డన్ రైలీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఇటువంటి లెక్క వేసి చూపాడు. పద్ధతి ఇంటి జమాఖర్చు వంటిదే. సముద్రాన్ని చిన్న చిన్న గళ్లుగా విభజిస్తారు. ప్రతి గడికీ నాలుగు ఖాతాలు: ఎరువు, వృక్ష ప్లవకాలు, వాటిని మేసేవి, చచ్చి అడుగుకు దిగేవి. ఒక ఖాతాలో ఖర్చయినది మరొక ఖాతాలో జమ కావాలి. వేడి, గాలి, ఎండ మారినప్పుడల్లా లెక్క మళ్లీ నడుస్తుంది.

లెక్క సరైనదో కాదో ముందు గడిచిన ఏండ్ల మీద పరీక్షిస్తారు. అందుకు మన శ్రీహరికోట నుంచి 1999లోను, 2009లోను, 2022లోను ఎగిరిన ఓషన్‌శాట్ ఉపగ్రహాలు పనికివచ్చాయి. సముద్రపు రంగును బట్టి పత్రహరితం ఎంత ఉందో అవి చెబుతాయి. ఇదే సమాచారంతో, 1999లో ఏర్పడిన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ కేంద్రం చేపలు దొరికే చోట్లను జాలరులకు తెలుపుతోంది.

ఏడేండ్ల మాట, అరవై ఏండ్ల మాట

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 2005లో జోక్విమ్ గోయెస్, ఆయన సహచరులు సుమారు ఏడేండ్ల ఉపగ్రహ చిత్రాలు చూసి, అరేబియా సముద్రపు పడమటి భాగంలో ప్లవకాలు బాగా పెరుగుతున్నాయని రాశారు. 2016లో పూణేలో పనిచేసే రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు ఆరు దశాబ్దాల లెక్క తీసి, పశ్చిమ హిందూ మహాసముద్రంలో అవి 20 శాతం వరకు తగ్గాయని తేల్చారు. వరుసగా ఏడేండ్లు మంచి వానలు పడితే కళ్యాణదుర్గానికి కరువు తీరిపోయిందని మనం అంటామా? సముద్రం విషయంలోనూ పొడవైన లెక్కే కావాలి.

పచ్చదనం ఒక్కటే చూసినా చాలదు. అది పైరా, కలుపా అన్నది చూడాలి. ఉత్తర అరేబియా సముద్రంలో ఈ శతాబ్దం ఆరంభం నుంచి చలికాలంలో నాక్టిల్యూకా అనే ప్లవకం దట్టంగా వ్యాపిస్తోంది. దూరం నుంచి పచ్చగానే ఉంటుంది గాని, చేపల మేతగా అది అంతగా పనికిరాదు. ఇటువంటివాటిని లెక్కలో చేర్చడం కష్టం కాబట్టే నమూనాలన్నీ ఒక్క మాట చెప్పవు. ఉద్గారాలు తగ్గకపోతే ఈ శతాబ్దం చివరకు ప్రపంచ సముద్రాల ఉత్పత్తి 4 నుంచి 11 శాతం తగ్గవచ్చునని 2019లో అంతర్జాతీయ వాతావరణ సంఘం నివేదిక తెలిపింది. తర్వాత వచ్చిన కొత్త నమూనాలలో తేడాలు ఇంకా పెరిగాయి. అంతమాత్రాన లెక్కను పారవేయకూడదు. వాన ఎప్పుడొస్తుందో ఖాయంగా తెలియకపోయినా రైతు విత్తనం లెక్క కట్టుకోడా?

ఇంట్లో చేసి చూడండి

ఈ సాయంత్రం పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోండి. గాజుగ్లాసులో సగం వరకు కుండలోని చల్లనీళ్లు పోసి, చెంచాడు ఉప్పు, రెండు చుక్కలు బట్టల నీలం కలపండి. దాని మీద గోరువెచ్చని నీటిని చెంచా మీదుగా మెల్లగా పోయండి. నీలిరంగు అడుగునే ఉంటుంది. పిల్లలను పైనుంచి ఊదమనండి. ఎంత ఊదినా ఆ నీలం అంత తొందరగా పైకి రాదు. ఆ నీలమే ఎరువు అనుకోమనండి. మా అవ్వకు కూడా మేము ఇలాగే చూపించాం. ఆమె చాలాసేపు గ్లాసు వైపే చూసి, "అయితే పాపం, ఆ చేపలు కూడా మన మాదిరే" అంది.