వన్యప్రాణుల మేత నుండి అలంకరణ మొక్కల రక్షణ

అడవి అంచున ఉన్న విద్యాసంస్థలు, రహదారులు, ఉద్యానవనాలలో నాటిన మొక్కలను దుప్పులు, మనుబోతులు, కుందేళ్లు మేయడం సాధారణం. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చుక్కల దుప్పులు సంచరిస్తుంటాయి. నర్సరీలో నీరు, ఎరువులతో పెరిగిన మొక్క చిగుళ్లు లేతగా ఉంటాయి. వేసవిలో పచ్చిక ఎండినప్పుడు వాటిపై ఒత్తిడి అధికమవుతుంది.

నష్టం గుర్తింపు: దుప్పి, మనుబోతులకు పైదవడ ముందు భాగంలో కుంతకాలు ఉండవు. అవి రెమ్మను పట్టి లాగడం వల్ల తెగిన చోటు పీచులుగా చీలి ఉంటుంది. కుందేలు కొరికిన రెమ్మ కత్తితో ఏటవాలుగా కోసినట్లు నున్నగా, నేలకు దగ్గరగా కనిపిస్తుంది. మగ దుప్పులు కొమ్ములు రుద్దినప్పుడు కాండంపై బెరడు ఊడిపోతుంది.

నష్ట స్వభావం: కొద్దిపాటి ఆకుల నష్టాన్ని మొక్క భర్తీ చేసుకోగలదు. కొన మొగ్గ పోతే పక్క మొగ్గలు చిగురించి, నీడచెట్టు కావలసిన మొక్క గుబురుగా మిగిలిపోతుంది. బెరడు చుట్టూ ఊడితే ఆకులలో తయారైన ఆహారం వేర్లకు చేరక మొక్క క్రమంగా చనిపోతుంది. కావున కొన మొగ్గను జంతువు నోటికి అందని ఎత్తు దాటించడం, కాండాన్ని కాపాడటం రక్షణలో ప్రధానాంశాలు.

రక్షణ పద్ధతులు: కుందేళ్లకు సన్న కన్నుల వల చాలు, దాని అడుగు భాగాన్ని మట్టిలో పూడ్చాలి. మనుబోతు భుజం వద్దనే 1.2 నుండి 1.5 మీటర్ల ఎత్తుంటుంది. అంతే ఎత్తున్న ట్రీగార్డు పైనుండి అది సులభంగా కొన మొగ్గను అందుకుంటుంది. అందువల్ల గార్డు ఎత్తును మొక్కను బట్టి కాక జంతువును బట్టి నిర్ణయించాలి. గార్డు వెడల్పుగా లేకపోతే వల కన్నులలో నుండి వెలుపలికి వచ్చిన రెమ్మలను జంతువులు మేస్తాయి. కాండం లావెక్కాక వల బెరడును ఒరుసుకోకుండా సడలించాలి. దుప్పులున్న ప్రాంగణం మొత్తానికి కంచె వేస్తే సుమారు 2.4 మీటర్ల ఎత్తు మేలు.

కోడిగుడ్డు ద్రావణం వంటి వికర్షకాల ప్రభావం తాత్కాలికం. వర్షం తరువాత, కొత్త చిగురు వచ్చినప్పుడు తిరిగి పిచికారీ చేయాలి. అంచు వరుసలలో వావిలి, అడ్డసరం, గన్నేరు వంటి జంతువులు అంతగా ఇష్టపడని మొక్కలు నాటవచ్చు. గన్నేరు విషపూరితం కనుక పిల్లలు, పశువులు తిరిగే చోట నాటరాదు.

కంచెకు నేరుగా విద్యుత్ లైను కలపడం నేరం, మనుషులకూ ప్రాణాంతకం. ఈ జంతువులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. మొక్క కొన అందని ఎత్తుకు చేరే కొద్ది సంవత్సరాలు కాపాడితే, ఆ పైన చెట్టూ జంతువూ ఒకే చోట మనగలుగుతాయి.