మైనరు సబ్జెక్టుగా మహిళా అధ్యయనం

2020 జాతీయ విద్యావిధానం వచ్చిన తరువాత డిగ్రీ విద్యార్థులకు ప్రధాన సబ్జెక్టుతోపాటు మరొక శాఖలో ‘మైనరు’ చదివే అవకాశం విస్తరించినది. మన ఉద్యోగుల పిల్లలెవరైనా మహిళా అధ్యయనాన్ని కోరుకుంటే, “దీనివల్ల ఉద్యోగం వస్తుందా?” అని ఇంటిలో అడగడం సహజమే. ఇంజనీర్లమైన మేము మరొకటి అడుగుతాము: ఇది దేనిని లెక్కించడం నేర్పుతుంది?

మన దేశంలో ఈ అధ్యయనానికి ఊపు తెచ్చినది ఒక నివేదికే. మహిళల స్థితిగతులపై 1971లో కేంద్రం నియమించిన సంఘం 1974లో దానిని సమర్పించినది. ప్రతి వేయిమంది పురుషులకు 1901లో 972 మందిగా ఉన్న స్త్రీలు 1971 నాటికి 930కి తగ్గినారన్న సత్యాన్ని అది దేశం ముందుంచినది. అదే 1974లో బొంబాయిలోని ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో ఈ రంగానికి పరిశోధన కేంద్రం వెలసినది.

ప్రభుత్వరంగానికి ఇది దూరపు విషయం కాదు. 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో స్త్రీల నియామకాన్ని నిషేధించినది. 2019లో షరతులతో అనుమతి లభించినది. అనుమతి ఒక్కటే చాలదు. మరుగుదొడ్డి, విశ్రాంతి గది, షిఫ్టు ముగిసిన వేళ రవాణా నక్షాలోనే ఉండవలె. నక్షా గీసేవారికి ఆ దృష్టి నేర్పే చదువు ఇది. కనుక అమ్మాయిలనే కాదు, అబ్బాయిలను కూడా ప్రోత్సహించవలసినదిగా మా మనవి.