మీకు తెలుసా? కాఫీ శక్తినివ్వదు, అలసట కబురును ఆపుతుంది

పెదబయలు కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన పండే కాఫీలోని కెఫీన్ మెదడుకు కొత్త శక్తేమీ ఇవ్వదు; ‘అలసిపోయావు’ అన్న కబురు నాడీకణానికి అందకుండా అడ్డుపడుతుంది. రసాయన కబుర్లు నడిచే చోట నాడీకణాలు ఒకదాన్నొకటి తాకవు. వాటి మధ్య సుమారు 20 నానోమీటర్ల సందు ఉంటుంది, తలవెంట్రుక మందంలో వెయ్యో వంతుకన్నా తక్కువ. ఒక కణం విడిచిన రసాయనం ఆ సందు దాటి అవతలి కణంపై ఉన్న గ్రాహకాన్ని చేరితేనే కబురు అందినట్టు. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో పేరుకునే అడినోసిన్ అనే రసాయనం తన గ్రాహకాన్ని చేరి నాడీకణాల జోరు తగ్గిస్తుంది; అలసట కబురు అదే. రూపంలో దాన్ని పోలిన కెఫీన్ ముందే వచ్చి ఆ గ్రాహకమనే పీట మీద కూర్చుంటుంది. మోతాదు మించితే గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి రావచ్చు. కెఫీన్ తెచ్చే ఆందోళనను వైద్యశాస్త్రం ఒక ప్రత్యేక రుగ్మతగానే గుర్తించింది.

మరి కాఫీ మానేస్తే ఆందోళన పోతుందా అంటే, అందరికీ పోదు. కాఫీ ముట్టనివారికీ ఆందోళన రుగ్మతలు వస్తాయి. కానీ ఒక చిన్న అణువే ఇంత దడ పుట్టించగలిగినప్పుడు, ఆందోళనను పిరికితనమనో, గాలి సోకిందనో కొట్టిపారేయడం అన్యాయం. అదుపులేని బెంగ ఆరు నెలలుగా దాదాపు రోజూ వేధిస్తూ, ఒళ్లు బిగుసుకుపోవడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం పనికి అడ్డొస్తుంటే వైద్యుణ్ని కలవాలి. పాడేరు ఆసుపత్రి దాకా వెళ్లలేనివారు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన ఈ ‘టెలి మానస్’ సేవ ఉచితం. రేయింబవళ్లు తెలుగులోనూ మాట్లాడవచ్చు.