బిళ్లలు, ప్లీహం, ఒక వైరస్: లింఫోమా రోగికి హెపటైటిస్ సి పరీక్ష ఎందుకు అడగాలి?

పాచిపెంట వైపు ఎవరికైనా ప్లీహం పెరిగి పొట్ట ఎడమపక్క గట్టిపడితే ముందు గుర్తొచ్చేది మలేరియా, ఆ తర్వాత సికిల్ సెల్. మెడలో బిళ్లలు కడితే టీబీ. ఈ అనుమానాల్లో తప్పు లేదు, మన్యంలో ఆ జబ్బులున్నాయి. కానీ ఇవే లక్షణాలతో లింఫోమా కూడా వస్తుంది. అది లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలకు వచ్చే క్యాన్సర్. అందులో కొన్ని రకాల వెనుక హెపటైటిస్ సి వైరస్ ఉండొచ్చు. ఆ వైరస్‌ను వదిలించే మాత్రలు ఇప్పుడున్నాయి, అవి ప్రభుత్వం ఉచితంగా ఇవ్వాల్సినవి. అందుకే మేము ఈ వ్యాసం రాస్తున్నాం. మేము డాక్టర్లం కాదు, పరిశోధన విద్యార్థులం.

హెపటైటిస్ సి కాలేయం జబ్బుగానే మనకు తెలుసు. అయితే ఆ వైరస్ ఏళ్ల తరబడి ఒంట్లో ఉంటే, దానితో పోరాడే బి-లింఫోసైట్లు అదేపనిగా రెచ్చిపోయి పెరుగుతూనే ఉంటాయి. ఆ పెరుగుదల కొందరిలో అదుపు తప్పి క్యాన్సరవుతుంది. మరి రెచ్చగొట్టేదాన్ని తీసేస్తే? 2002లో ఫ్రాన్స్ వైద్యులు ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. హెపటైటిస్ సి ఉండి, ప్లీహానికి ఒక రకం లింఫోమా వచ్చిన తొమ్మిది మందికి క్యాన్సర్ మందు కాకుండా వైరస్ మందు ఇంటర్‌ఫెరాన్ ఇచ్చారు. వైరస్ పోయాక ఏడుగురిలో లింఫోమా కూడా పూర్తిగా తగ్గింది. అదే లింఫోమా ఉండి వైరస్ లేని ఆరుగురికి ఇదే మందు ఇస్తే ఎవరికీ గుణం కనిపించలేదు. మాకు ఈ రెండో సగమే ఎక్కువ నమ్మకం కలిగించింది.

ఇంటర్‌ఫెరాన్ సూదులు మనిషిని పిండేసేవి: జ్వరం, దిగులు, పడిపోయే రక్తకణాలు. ఆ తర్వాత వచ్చిన మాత్రలతో 2016లో ఇటలీ వైద్యుల నాయకత్వాన మరో ఫలితం వచ్చింది. మెల్లగా పెరిగే లింఫోమా ఉన్న 46 మందిలో 98 శాతం మందికి వైరస్ పోయింది, 67 శాతం మందికి లింఫోమా పూర్తిగానో కొంతవరకో తగ్గింది. అందుకే ఇలాంటి రోగికి వెంటనే కీమో అవసరం లేకపోతే ముందు వైరస్ మందు ఇచ్చి చూడమని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేగంగా పెరిగే లింఫోమాకు ఇది వర్తించదు. అక్కడ కీమో ఆపకూడదు, ఆలస్యం చేయకూడదు. వైరస్ మందు దానితోపాటో, అయ్యాకో ఇస్తారు. వైరస్ మాత్రలున్నాయి కదా అని కీమో మానేయమని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

ఈ మందు కథలో హైదరాబాద్‌కు వాటా ఉంది. 2013 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన సోఫోస్‌బువిర్ ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు, పన్నెండు వారాలకు 84,000 డాలర్లు. ఇక్కడ దాని పేటెంట్‌ను నాట్కోతోపాటు ఢిల్లీ హెచ్ఐవీ బాధితుల సంఘం కూడా సవాలు చేసింది. 2015 జనవరిలో పేటెంట్ కార్యాలయం దరఖాస్తు తిరస్కరించింది, 2016 మేలో మళ్లీ ఇచ్చేసింది. ఈలోగా గిలియడ్ లైసెన్సులతో హెటిరో, నాట్కో లాంటి కంపెనీలు జెనరిక్ తెచ్చాయి. నాట్కో 28 మాత్రల డబ్బా ధర 2015లో 19,900 రూపాయలు ఉండేది. కూలి మనిషికి అదీ అందని ధరే. 2018 జూలై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాకే పరీక్షా మందూ ఉచితమయ్యాయి. సిర్రోసిస్ లేనివాళ్లకు సోఫోస్‌బువిర్, డక్లాటస్‌విర్ రోజుకొకటి చొప్పున పన్నెండు వారాలు. ముగిశాక మరో పన్నెండు వారాలకు మళ్లీ పరీక్ష, అప్పుడూ వైరస్ కనబడకపోతే నయమైనట్టు.

కాగితం మీద అంతా ఉంది. చిక్కేమిటంటే హెపటైటిస్ మందు ఒక కార్యక్రమం, క్యాన్సర్ వైద్యం ఇంకో పథకం. ఒక గదిలో రాసింది ఇంకో గదికి చేరకపోతే, ఆ మధ్య దూరం తిరిగేది రోగే. కొండ మీది ఊరి నుంచి డోలీలో దిగి, సాలూరు వచ్చి, బయాప్సీకో కీమోకో విశాఖ దాకా పోవాల్సిన గదబ, కొండదొర, జాతాపు కుటుంబానికి ప్రతి అదనపు ప్రయాణం కూలి పోవడమే.

టీబీ అనుమానం దగ్గర ఇంకో ప్రమాదముంది. బయాప్సీ లేకుండా బిళ్లలకు టీబీ మందు మొదలెడితే లింఫోమా బయటపడటం ఆలస్యమవుతుంది. పైగా టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ సోఫోస్‌బువిర్‌ను ఒంట్లో నిలవనివ్వదు, రెండూ కలిపి వాడకూడదు. టీబీ నిజమైతే ఆ మందు మధ్యలో మానకూడదు కూడా. కాబట్టి ఏ మందులు వాడుతున్నారో డాక్టర్‌కు చీటీతో సహా చూపించాలి. అలాగే హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. వైరస్ సి మాత్రలతోనూ, లింఫోమాకు ఇచ్చే రిటుక్సిమాబ్‌తోనూ అణగి ఉన్న బి వైరస్ తిరగబడి కాలేయాన్ని దెబ్బతీయొచ్చు.

ఈ వైరస్ రక్తం ద్వారా వస్తుంది: సరిగా శుద్ధి చేయని సూదులు, పచ్చబొట్లు, పరీక్షించని రక్తం, డయాలసిస్. ఆసుపత్రి చెత్త ఎత్తేటప్పుడు గుచ్చుకునే సూదులు కూడా. ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే, కాంట్రాక్టు కింద. హెపటైటిస్ బికి టీకా ఉంది, సికి లేదు. సూది గుచ్చుకున్న రోజే రిజిస్టర్‌లో రాయించి, రక్తపరీక్ష చేయించి, కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించమని సంఘాలు పట్టుబట్టాలి.

లింఫోమా అని తేలిన ప్రతి మనిషికీ మనం అడగాల్సినవి: హెపటైటిస్ సి యాంటీబాడీ పరీక్ష చేశారా? పాజిటివ్ అయితే వైరల్ లోడ్ చూశారా? యాంటీబాడీ ఒక్కటే వైరస్ ఇప్పుడు ఉందని చెప్పదు. హెపటైటిస్ బి చూశారా? లింఫోమా ఏ రకం? ఉచిత మందు ఇచ్చే కేంద్రానికి రాసి పంపారా, లేక నోటిమాటగా చెప్పి వదిలేశారా? రాసిచ్చిన కాగితం కాపీ ఒకటి ఆశా కార్యకర్త దగ్గర ఉంటే మంచిది.