విమానం నేర్పిన బ్రేకు

గుంటూరు వైపు నుంచి ఒంగోలు వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి మీద, కొరిశపాడు, రేణంగివరం గ్రామాల దగ్గర రోడ్డు కాస్తా రన్‌వే అవుతుంది. పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. 2024 మార్చి 18న వైమానిక దళం వారి ఆంటనోవ్-32, డోర్నియర్ విమానాలు అక్కడ దిగి, మళ్ళీ ఎగిరి వెళ్ళాయి. మిరపకాయ టిక్కీల లారీలు పోయే దారిలో విమానమా అని ముక్కున వేలేసుకోవలసిందే! కాని విమానానికీ మన కారుకూ పాత చుట్టరికం ఒకటి ఉన్నది. అది బ్రేకు దగ్గర కలిసిన చుట్టరికం.

చిలకలూరిపేటలో ఉండే మా చెల్లెలు కారు తనే నడుపుతుంది. మొన్న వానలో గేదె అడ్డం వస్తే బ్రేకు గట్టిగా తొక్కిందట. "అన్నయ్యా, పెడలు కాలికింద టకటకా కొట్టుకున్నది. కారు చెడిందేమోనని భయపడి కాలు తీసేశాను" అన్నది. గేదె తనంతట తాను తప్పుకున్నది గనుక సరిపోయింది. పెడలు అలా కొట్టుకుంటున్నదంటే ఏబీఎస్ తన పని తాను చేస్తున్నదన్నమాట. కాలు తీయడమే ప్రమాదం.

చక్రం తిరుగుతున్నంతసేపే కారు స్టీరింగు మాట వింటుంది. చక్రం బిగుసుకుపోయి జారడం మొదలుపెట్టిందా, ఇక ఎటు తిప్పినా ఒకటే. తడి అరుగుమీద కాలు జారినవాడు తనకు కావలసిన వైపు తిరగగలడా? ఈ సంగతి తెలిసే పాతకాలపు డ్రైవర్లు బ్రేకును తొక్కి వదులుతూ, తొక్కి వదులుతూ బండి ఆపేవారు.

వాన తడి మీద దిగే విమానాలకూ ఇదే బాధ. టైర్లు జారి పేలిపోయేవి. 1950 దశకంలో ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీవారు మాక్సరెట్ అనే పరికరం తెచ్చారు. అందులో చిన్న బరువు చక్రం ఒకటి అసలు చక్రంతోపాటు తిరుగుతుంది. అసలు చక్రం హఠాత్తుగా బిగుసుకుంటే, ఈ చిన్నది ఆ ఊపులోనే తిరుగుతూ పోయి ఒక కవాటం తెరుస్తుంది. బ్రేకు ఒత్తిడి తగ్గి, చక్రం మళ్ళీ తిరుగుతుంది. 1966లో జెన్‌సన్ ఎఫ్‌ఎఫ్ అనే వేగపు కారుకు దీనినే అమర్చారు. 1978లో బాష్ కంపెనీవారి ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మెర్సిడెస్ కారులో వచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. బ్రేకును సెకనుకు పదిసార్లకు పైగా వదిలి పడుతుంది. మనిషి కాలికి అంత చురుకుదనం ఎక్కడిది?

"మరి మలుపులో జారితేనో, మావయ్యా?" అన్నాడు మేనల్లుడు. వాడికి స్పోర్ట్స్ కార్ల పిచ్చి.

"ఎడ్లబండి చూశావు గదరా! కుడి ఎద్దును నిలేస్తే బండి కుడికే మళ్ళుతుంది. ఇదీ అంతే" అన్నాను.

1995లో మెర్సిడెస్ కారులోనే వచ్చిన ఈఎస్‌పీ చేసే పని అదే. స్టీరింగు ఎటు తిప్పారు, కారు నిజంగా ఎటు తిరుగుతున్నది అని ఎప్పటికప్పుడు సరిచూస్తుంది. కారు వెనక భాగం బయటికి తోసుకుపోతే, మలుపుకు బయటివైపున్న ముందు చక్రాన్ని పడుతుంది. ముందు భాగం తిరగక సూటిగా పోతుంటే, లోపలివైపు వెనక చక్రాన్ని పడుతుంది. కొన్ని స్పోర్ట్స్ కార్లలో పందెపు బాటమీద కాస్త జారనిచ్చే మీట కూడా ఉంటుంది. ఆ మీట మన రోడ్లకు తగదు సుమా!

ఎందుకంటే, పత్తి చేల నుంచి వచ్చే ట్రాక్టర్లు రేగడి మట్టిని తెచ్చి తారురోడ్డు మీద వేస్తాయి. నాలుగు చినుకులు పడితే వెన్న రాసినట్లే. పట్టు లేనిచోట ఏ యంత్రమూ పట్టు పుట్టించలేదు. వదులు కంకర మీద ఏబీఎస్ ఉన్న కారు మరికాస్త దూరం పోయి ఆగవచ్చు కూడా. పైగా వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగింతలు. పొడి రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడ్డాక సుమారు 12 మీటర్లలో ఆగే కారు, 100 వేగంలో 50 మీటర్ల దాకా పోతుంది.

కనుక ఆపద వచ్చినప్పుడు బ్రేకు గట్టిగా తొక్కండి, పెడలు కొట్టుకున్నా వదలకండి, తప్పించవలసిన వైపు స్టీరింగు తిప్పండి. కారు నడుస్తుండగా ఏబీఎస్ దీపం ఆరకుండా వెలుగుతుంటే మెకానిక్కుకు చూపించండి. వానలు పడకముందే టైర్ల అరుగుదల చూసుకోండి. లక్షలు పోసి కొన్న కారయినా రోడ్డును తాకేది నాలుగు అరచేతులంత రబ్బరే!