రిజల్ట్స్ సీజన్: అందరి బాధా వినే కౌన్సెలర్ల బాధ వినేదెవరు?

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, తెలుగు రాష్ట్రాల్లో పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న.. ఇంటర్ రిజల్ట్స్ ఎప్పుడు? ఆ రోజు ఏ న్యూస్ సైట్ తెరిచినా హాల్ టికెట్ నంబర్ కొట్టే బాక్సే ముందు కనిపిస్తుంది. ఆ తర్వాత ఉత్తీర్ణత శాతం, జిల్లాలవారీ స్థానాలు, స్వీట్లు తినిపించుకుంటున్న టాపర్ల ఫొటోలు. సాయంత్రానికి ఆ హడావుడి తగ్గుతుంది. కౌన్సెలర్లకు పని మొదలయ్యేది అప్పుడే.

"మా వాడు పొద్దుటి నుంచి తలుపు తీయట్లేదు మేడమ్", "రెండు సబ్జెక్టులు పోయాయి సార్, నాన్నకు ఎలా చెప్పాలో తెలీట్లేదు", "అన్నం ముట్టడం లేదు, మీరొక్కసారి మాట్లాడండి".. ఇలాంటి మాటలు వరసగా వినాలి. విని, తొణకకుండా జవాబు చెప్పాలి. మళ్లీ ఫోన్ మోగితే మొదటి ఫోన్ అన్నంత ఓపికగా ఎత్తాలి.

మరి ఇన్ని ఇళ్ల బాధ విన్న మనిషి దాన్ని ఎక్కడ దించుకుంటారు? దానికీ ఒక పద్ధతి ఉంది. అది సరిగ్గా నడిస్తే మేలు కౌన్సెలర్‌కు మాత్రమే కాదు, రేపు ఆయన ముందు కూర్చునే మీ పిల్లాడికి కూడా. ఎలాగో చూద్దాం.

మన దగ్గర సీజన్ అంటే చలికాలం కాదు

మానసిక ఆరోగ్యానికీ కాలానికీ ముడి ఉందన్న మాట కొత్తది కాదు. 1984లో అమెరికా సైకియాట్రిస్ట్ నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు 'సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్' అనే సమస్యను వివరించారు. చలికాలంలో పగలు తగ్గి, ఎండ కరవయ్యే దేశాల్లో కొందరికి ఏటా అదే సమయానికి డిప్రెషన్ రావడం, ఎండలు రాగానే తగ్గడం దాని లక్షణం.

మనకు ఎండకు కొదవ లేదు. ఇక్కడి సీజన్‌ను నడిపేది పరీక్షల క్యాలెండర్. మార్చిలో ఇంటర్, టెన్త్ పరీక్షలు. ఏప్రిల్‌లో జేఈఈ మెయిన్ రెండో సెషన్, ఇంటర్ ఫలితాలు. మేలో నీట్, ఎంసెట్ నుంచి పేరు మారిన ఈఏపీసెట్, ఆ వెంటనే సప్లిమెంటరీ పరీక్షలు. జూన్‌లో నీట్ ఫలితాలు, ర్యాంకులు, సీట్ల లెక్కలు. ఒక ఆందోళన తీరకముందే ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది.

ఇది ఎంత దూరం వెళ్లగలదో మనం చూశాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల్లో తప్పులు దొర్లాయంటూ తల్లిదండ్రులు రోడ్డెక్కారు. చివరకు ఫెయిలైన వాళ్లందరి పేపర్లనూ ఉచితంగా రీవెరిఫికేషన్ చేయాలని ప్రభుత్వం ఆదేశించింది. దేశవ్యాప్తంగా చూస్తే, జాతీయ నేర గణాంకాల విభాగం (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల ప్రకారం ఒక్క 2022లోనే 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు.

ఏ ఆత్మహత్యకూ కారణం ఒక్కటే ఉండదు. ఒక్క మార్కుల మెమో వల్లే ఇలా జరిగిందని చెప్పడం సరికాదని నిపుణులు ఎప్పుడూ చెప్పే మాట. కానీ అప్పటికే లోపల కుంగిపోతున్న పిల్లలకు ఫలితాల రోజు చాలా బరువైన రోజు. కౌన్సెలర్లకు అది తెలుసు కాబట్టే ఈ నెలల్లో ప్రతి ఫోన్‌నూ సీరియస్‌గానే తీసుకోవాల్సి వస్తుంది.

ఇంటికెళ్లి చెప్పుకోలేని ఉద్యోగం

ఆఫీసులో గొడవైతే ఇంటికొచ్చి భార్యకో, భర్తకో, అమ్మకో చెప్పుకొంటాం. సగం భారం అక్కడే దిగిపోతుంది. కౌన్సెలర్‌కు ఆ వీలు కూడా లేదు. క్లయింట్ చెప్పింది బయటపెట్టకూడదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం పొందే వ్యక్తికి గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో మాత్రమే, అవసరమైనంత వరకే చెప్పడానికి వీలుంటుంది.

చిన్న ఊళ్లలో ఇది ఇంకా కష్టం. పేరు చెప్పకపోయినా "ఆ మెడికల్ షాపు వాళ్ల అమ్మాయి" అన్నంత సూచన దొరికితే చాలు, ఊరంతా పోల్చుకుంటుంది. పొద్దున సెషన్‌లో ఏడ్చిన తల్లి సాయంత్రం కూరగాయల మార్కెట్లో ఎదురుపడుతుంది. ఆమె పలకరిస్తే పలకరించాలి, లేకపోతే ఎవరో అన్నట్టు పక్కనుంచి వెళ్లిపోవాలి.

పైగా కౌన్సెలర్లలో చాలామందికి ఇంట్లో పిల్లలుంటారు. వాళ్లూ అవే పరీక్షలు రాసి ఉంటారు. వేరే ఇంటి తండ్రికి "పోల్చకండి సార్" అని చెప్పి వచ్చిన అమ్మే తన కూతురి మెమో చూసి మొహం మాడ్చుకోవచ్చు. ఆ తర్వాత 'నేనేం చెప్తున్నాను, ఏం చేస్తున్నాను' అని తనను తానే తిట్టుకోవచ్చు. మనుషులే కదా.

ఒంట్లో పేరుకుపోయే అలసట

1974లో న్యూయార్క్ సైకాలజిస్ట్ హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాళ్లను గమనించి ఒక వ్యాసం రాశారు. ఎంతో ఇష్టంగా సేవకు వచ్చినవాళ్లే కొన్నాళ్లకు చిరాకు, నీరసం, నిరాశతో మిగిలిపోతున్నారని అందులో చెప్పారు. దానికి ఆయన వాడిన మాటే 'బర్నవుట్'. అంటే ఇవాళ ఐటీ ఆఫీసుల్లో అందరూ వాడుతున్న ఈ మాట మొదట సేవారంగంలో పనిచేసే వాళ్ల గురించి పుట్టింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ను జబ్బుగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా గుర్తించింది. దానికి మూడు గుర్తులు చెప్పింది. శక్తంతా ఆవిరైపోయినట్టు ఉండటం, పని మీద విరక్తి రావడం, పనిలో పట్టు తగ్గినట్టు అనిపించడం.

కౌన్సెలర్లకు ఇంకో ప్రమాదమూ ఉంది. తమకు జరగకపోయినా, పదేపదే విన్న బాధ తమదైపోవడం. నిద్రలో క్లయింట్ మాటలే గుర్తొస్తాయి. ఫోన్ మోగితే గుండె దడదడలాడుతుంది. దీన్నే 'సెకండరీ ట్రామా' అంటారు. కొందరిలో దీనికి పూర్తిగా రివర్స్‌లో జరుగుతుంది. ఎదుటివాళ్లు ఏడుస్తున్నా లోపల ఏమీ కదలదు. 'హా.. ఇదీ అదే కేసు' అనిపిస్తుంది. అసలు డేంజర్ ఇక్కడే. 'అదే కేసు' అనుకున్న క్షణంలో ఎదురుగా ఉన్న పిల్లాడు చెప్పిన ఒక ముఖ్యమైన మాట చెవిన పడకుండా పోవచ్చు.

మరి ఎలా దించుకుంటారు?

ఈ వృత్తిలో దీనికి పాతకాలం నుంచే రెండు దారులున్నాయి.

మొదటిది సూపర్‌విజన్. పేరు విని బాస్ తనిఖీ అనుకోకండి. అనుభవం ఉన్న మరో థెరపిస్ట్ దగ్గర కూర్చుని తన కేసుల గురించి, వాటివల్ల తనలో కలుగుతున్న మార్పుల గురించి మాట్లాడటం ఇది. క్లినికల్ సైకాలజీ శిక్షణలో ఇది తప్పనిసరి భాగం. చదువు అయ్యాక కూడా కొనసాగించడం మంచి పద్ధతి.

రెండోది పీర్ గ్రూప్. ఇందులో పెద్దా చిన్నా ఉండదు, అందరూ తోటివాళ్లే. దీనికి మంచి ఉదాహరణ డాక్టర్లదే. 1950లలో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో మైఖేల్ బాలింట్ మామూలు ఫ్యామిలీ డాక్టర్లను గుంపుగా కూర్చోబెట్టి, తమను ఇబ్బంది పెడుతున్న కేసుల గురించి మాట్లాడించేవారు. ఏ మందు రాశారన్నది అక్కడ ముఖ్యం కాదు, ఆ పేషెంట్‌ను చూసినప్పుడు మీకేమనిపించింది అన్నదే ప్రశ్న. వాటినే 'బాలింట్ గ్రూపులు' అంటారు. చాలా దేశాల్లో ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఒక పీర్ గ్రూప్ ఎలా నడుస్తుందో ఊహించుకుందాం. ఆరేడుగురు కౌన్సెలర్లు నెలకోసారి కలుస్తారు. ఒకే ఊళ్లో ఉంటే ఒకరి క్లినిక్‌లో, లేకపోతే వీడియో కాల్‌లో. ఒకరు కేసు చెప్తారు. పేరు, ఊరు, కాలేజీ ఏదీ చెప్పరు. పోల్చుకునే వీలున్న వివరాలు తీసేస్తారు. మిగతావాళ్లు మధ్యలో ఆపరు. చెప్పడం అయ్యాక ముందుగా ప్రశ్నలు అడుగుతారు. సలహాలు ఆ తర్వాతే. "ఆ అబ్బాయి సెషన్ మానేశాక మీరు రెండుసార్లు ఫోన్ చేశారు. మిగతా వాళ్లకు అలా చేస్తారా?" అని ఒకరు అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నతో చెప్పేవాళ్లకు వెలగొచ్చు.. ఆ అబ్బాయిలో తన తమ్ముడు కనిపిస్తున్నాడని. అది తెలియకుండా పనిచేయడం వేరు, తెలిసి పనిచేయడం వేరు.

ఫలితాల సీజన్ ముగిశాక జరిగే మీటింగ్ ఇంకా ముఖ్యం. ఈసారి ఎక్కడ తడబడ్డాం? ఎవరిని సైకియాట్రిస్ట్ దగ్గరికి ముందే పంపాల్సింది? ఏ రోజు 'ఇవాళ ఇక చాలు' అని చెప్పలేకపోయాం? వచ్చే ఏప్రిల్‌లో ఒకరి కాల్స్ ఇంకొకరు ఎలా పంచుకోవాలి? ఇలాంటివి రాసిపెట్టుకుంటే మళ్లీ సీజన్ వచ్చేసరికి చేతిలో ఒక ప్లాన్ ఉంటుంది.

ఒక్కోసారి అన్ని ప్రయత్నాలూ చేసినా క్లయింట్ ప్రాణం దక్కదు. అప్పుడు కుటుంబం ఏడుస్తుంది, ఊరు ఏడుస్తుంది. కౌన్సెలర్ మాత్రం లోపల్లోపలే 'నేనేదో మిస్సయ్యాను' అని కుమిలిపోతారు. ఆ మాట బయటికి అనగలిగే చోటు తోటివాళ్ల మధ్యే దొరుకుతుంది.

చిక్కు ఎక్కడుందంటే..

అసలు మన దగ్గర ఉన్నవాళ్లే తక్కువ. దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్ట్ కూడా లేరు, 0.75 అన్నది తరచూ వినిపించే లెక్క. నిమ్హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల అందరికీ తెలిసిన పేర్లే. కానీ ఆ నగరాలకు దూరంగా ఒంటరిగా పనిచేసే కౌన్సెలర్‌కు పక్కన మాట్లాడే తోటి కౌన్సెలర్ దొరకడమే కష్టం.

ఇక్కడ ఒక ముఖ్యమైన పరిణామం గురించి చెప్పుకోవాలి. విశాఖలో నీట్‌కు ప్రిపేర్ అవుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూనే, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. 100 లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరైనా ఉండాలని చెప్పింది. మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడదీయడం, పిల్లలను అందరి ముందు అవమానించడం మానుకోవాలని సూచించింది.

ఇది పెద్ద ముందడుగే. కానీ 'కనీసం ఒకరు' అన్న మాట దగ్గర ఆగి ఆలోచించాలి. వేల మంది ఉండే రెసిడెన్షియల్ క్యాంపస్‌లో ఒక్క కౌన్సెలర్‌ను పెట్టి, బోర్డు తగిలించి ఊరుకుంటే? రిజల్ట్స్ రోజున ఆ ఒక్కరి గది ముందు క్యూ ఎంత ఉంటుంది? ఆమెకు నెలకు ఒక పూట సూపర్‌విజన్‌కు సెలవు ఇస్తారా? దానికయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? పోస్టు నింపడంతో పాటు ఈ ఏర్పాటు కూడా చేస్తేనే ఆ కౌన్సెలర్ రెండో ఏడాది కూడా అదే ఓపికతో అక్కడ ఉంటారు.

మీరు తెలుసుకోవాల్సింది ఏంటి?

కౌన్సెలర్‌ను కలిసేటప్పుడు ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి.

మీ అర్హత ఏంటి? సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీ చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్‌కు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇక 'కౌన్సెలర్' అన్న బోర్డు చాలామంది పెడతారు కాబట్టి ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు అని అడిగి తెలుసుకోవాలి.

మీరు సూపర్‌విజన్ తీసుకుంటున్నారా? ఈ ప్రశ్నకు మంచి కౌన్సెలర్ నొచ్చుకోరు. "తీసుకుంటున్నాను, మీ పేరు అక్కడ రాదు" అని చెప్తే అది భరోసా ఇచ్చే జవాబే. మీ బాధను ఇంకొకరితో పంచుకుంటున్నారని అనుమానించక్కర్లేదు.

ఇంకొకరి దగ్గరికి పంపిస్తే? వదిలించుకుంటున్నారని అనుకోకండి. తన వల్ల కానిది కాదని చెప్పడం కూడా పనిలో భాగమే.

ఇక ఇంట్లో పెద్దవాళ్లకు ఒక మాట. ఫలితం బాగా రాకపోతే ఆ రోజుకు లెక్కలు అడగొద్దు. "తిన్నావా నాన్నా, రా కూర్చో" అంటే చాలు. బంధువుల ఫోన్లు మీరే ఎత్తండి. పిల్లాడిని ఒంటరిగా వదలొద్దు. ఇంటర్ ఫెయిలైతే అదే వేసవిలో సప్లిమెంటరీ ఉంటుంది, ఏడాది పోదు. ఆ విషయం మర్నాడు నెమ్మదిగా చెప్పొచ్చు. 'చచ్చిపోవాలనుంది' అన్న మాట వినిపిస్తే మాత్రం బెదిరింపు అని కొట్టిపారేయకండి. సూటిగా, ప్రేమగా అడగండి. వెంటనే సాయం తీసుకోండి.

టెలీ మానస్ నంబర్ 14416. కేంద్రం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన ఈ ఉచిత హెల్ప్‌లైన్ 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. 1800-89-14416కి కూడా చేయొచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 112కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లండి.

చివరిగా ఇంకొక్కటి. మీ పిల్లాడు కోలుకుని కాలేజీకి వెళ్తుంటే, ఆ కౌన్సెలర్‌కు ఒక మెసేజ్ పెట్టండి. "మా వాడు బాగున్నాడు మేడమ్" అని. క్లయింట్ రావడం మానేశాక ఏమయ్యారో వాళ్లకు చాలాసార్లు తెలియదు. కష్టం వచ్చినప్పుడే మోగే ఆ ఫోన్‌కు ఇలాంటి కబురు కూడా ఒకటి వెళ్లనివ్వండి.