పసివారి పండ్లు – లాలాజలము

నేను లక్డీకాపూలులో నివసించు విశ్రాంతోపాధ్యాయుడను. నా మనుమనికి మూడవయేటనే పైవరుస ముందరి పండ్లు నాలుగును నల్లబడి పుచ్చినవి. నొప్పిచే వాడు అన్నము ముట్టడు, రాత్రులు నిద్రింపడు. దంతవైద్యుడు నోరు చూచి, “పండుకొనునపుడు బిడ్డకేమి త్రాగించుచున్నా”రని యడిగెను. పాలసీసా యిచ్చుచుండినది నేనే. అందు చక్కెర వేయుచుండినదియు నేనే.

ఉమ్మి యన్న మనకు రోత. కాని నోట నున్నంతవరకు లాలాజలము పంటికి పెట్టనికోట. పెద్దవారికి దినమునకు అరలీటరు మొదలు లీటరున్నర వరకు ఊరును. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని తిని ఆమ్లమును పుట్టించును. తాండూరుబండపై నిమ్మరసము పడినచో మచ్చ తేలుట మీరెరుగుదురు గదా! ఆమ్లము పంటి పింగాణిని అట్లే తినివేయును. లాలాజలము దానిని కడిగి, విరిచి, కరగిన సున్నపు లవణములను కొంతవరకు తిరిగి పంటికి చేర్చును. ఇందుకు సుమారు అరగంట మొదలు గంట వరకు పట్టును. 1940వ దశకమున అమెరికాలో స్టీఫన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని కొలిచి చూపెను. కావున భోజనానంతరము ఒక లడ్డు తినుటకంటె, దినమెల్ల బిళ్ళలు చప్పరించుట మిక్కిలి చేటు.

నిద్రలో లాలాజలము దాదాపు ఊరదు. ఆ వేళ తీపిపాలు పంటిపై నిలిచినచో అడ్డు లేదు. మఱి క్రిందివరుస ముందరి పండ్లేల చెడలేదు? చప్పరించునపుడు నాలుక వానిని కప్పియుండును. నాలుకక్రింది గ్రంథుల నీరును వాని చెంతనే ఊరును.

ఆ సూక్ష్మజీవులు పెక్కుమారులు పెద్దల నోటినుండియే బిడ్డకు సంక్రమించును. రుచి చూచిన చెంచాతోనే తినిపించుట, నమిలి పెట్టుట ఇందుకు మార్గములు. ఎంగిలి పట్టింపును చాదస్తమనువారు ఈ యొక్కచోటనైన మా అమ్మమ్మను మన్నింపవలెను.

“పాలపండ్లే గదా, ఊడిపోవు”నందురు. ఆ యిరువదిలో దవడపండ్లు పది పండ్రెండేండ్ల వరకు నమలవలసినవి. వెనుక వచ్చువానికి చోటు నిలుపునవియు నవియే. నిద్రకు ముందే పాలు త్రాగించి, పండ్లు తోమి, పిదప నీరు మాత్రమే యీయవలెను. మూడేండ్లలోపు వారికి ఫ్లోరైడుగల పండ్లపొడిముద్ద బియ్యపుగింజంత చాలును. ఆ ఫ్లోరైడే నీటిలో మితిమీరిన నేమగునో నల్లగొండవారికి నేను చెప్పనక్కఱలేదు.

మా వానికి రెండు పండ్లు తీసివేసిరి. క్రొత్తవి ఏడెనిమిదేండ్లకుగాని రావు. ఓనమాలు నేర్పుచున్నాను, దంత్యములు వచ్చుసరికి వాడు నా మొగము చూచి ఆగిపోవుచున్నాడు.